ఏడు ఫ్యాక్టరీల దర్శనం, ఒక పళ్ళ చక్రం

వస్తువు చెడిపోతే దాన్ని తయారుచేసినవాడి దగ్గరికి వెళ్ళాలనుకోవడం పాతకాలపు తెలివి. ఆ తెలివితో నాలుగు రోజులు రోడ్ల మీద తిరిగొచ్చినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, ఇప్పుడలా వెళ్ళకూడదు. చూడ్డానికి వెళ్ళాలి. చూడ్డానికి వచ్చినవాడికి చల్లని మంచినీళ్ళిస్తారు, నెత్తిన కాగితం టోపీ పెట్టి ఫొటో తీస్తారు. పనుండి వచ్చినవాడికి అసలు గేటే లేదు.

మా మేనత్త వరహాలమ్మకి తుని రైల్వే గేటు పక్కన పెసరట్ల కొట్టుంది. పాతికేళ్ళ క్రితం మా మామయ్య చనిపోయినప్పుడు పెట్టింది. అప్పటినుంచీ ఆవిడ ఇల్లు గడిచేదీ, నలుగురిలో తలెత్తుకు తిరిగేదీ ఆ కొట్టు మీదే. కొట్టుకి ప్రాణం పెనం అనుకుంటారు గానీ, కాదు. చక్రవాకం కంపెనీవారి పది లీటర్ల గ్రైండరు. మొన్న మాఘమాసంలో ఒక గురువారం పొద్దున్నే అది కటకటలాడి, లోపలి పళ్ళ చక్రానికి మూడు పళ్ళు రాలగొట్టుకుని కూర్చుంది. మిక్సీలో వేస్తే పిండి వేడెక్కి అట్టు సాగింది. రుబ్బురోలు ముందు కూర్చుంటే రెండో రోజుకి అత్త కుడి భుజం లేవలేదు. మూడో రోజున గేటు పడినప్పుడు లారీ డ్రైవర్లంతా దిగి ఎదుటి నూడిల్స్ బండి వైపు నడిచారు. అది చూసి అత్త పెనం బోర్లించేసింది.

"ఒరే కొండా, జనానికి మనం వారం రోజులే గుర్తుంటాంరా. ఆపైన నేనెవరో, నా అట్టేటో" అంది. ఆవిడ ఏడవదు.

ఊళ్ళో విడిభాగాల దుకాణాలన్నీ తిరిగాను. ఆఖరి దుకాణాయన నన్ను జాలిగా చూశాడు. "చక్రవాకం చక్రం ఇంకెక్కడా దొరకదండి. కంపెనీకే ఎల్లాలి. కానీ అది ఇప్పుడు కంపెనీ కాదంటన్నారు మరి" అన్నాడు. ఆ మాట అప్పుడు నాకర్థం కాలేదు. నాకు కొబ్బరికాయలు తోలే చిన్న వ్యాను ఉంది. వెనకాల గ్రైండరు కట్టి, పక్కన అత్తని కూర్చోబెట్టుకుని బయల్దేరాను.

నాలుగు గంటలు నడిపాక ఫ్యాక్టరీ వచ్చింది. గోడకి రెండు గేట్లున్నాయి. ఒకదాని మీద సర్వదర్శనం అనీ, రెండోదాని మీద శీఘ్రదర్శనం అనీ రాసి ఉంది. సర్వదర్శనం వైపు ఇనుప కటకటాల మధ్య మూడు వందలమంది పిల్లాపాపలతో నిలబడి ఉన్నారు. కొందరు చెప్పులు విడిచారు. ఎవరూ విడవమనలేదు, అలవాటు.

"మాకు దర్శనం అక్కర్లేదు బాబూ. చక్రం కావాలి" అంది అత్త.

సెక్యూరిటీ అతను మా చేతుల వైపు చూశాడు. "యాత్రా పుస్తకం ఏదండి?" అన్నాడు.

సంగతేమిటంటే, మూడేళ్ళ క్రితం పైనున్న ఒక పెద్దమనిషి విదేశాలు వెళ్ళి అక్కడ చాక్లెట్ల ఫ్యాక్టరీ చూసొచ్చాడు. పెద్దవాళ్ళు ఏదైనా చూసొస్తే అది అక్కడితో ఊరుకోదు. పారిశ్రామిక దర్శన మండలి అని ఒకటి పుట్టింది. పేరుపడ్డ ప్రతి ఫ్యాక్టరీ జనానికి తలుపులు తెరవాలన్నారు. బాగానే ఉంది. తెరిచాక, లోపల వేడిగా ఉందని సందర్శకులు ఫిర్యాదు చేశారు. వేడి తగ్గించమని ఒక ఉత్తర్వు వచ్చింది. చప్పుడు తగ్గించమని ఇంకొకటి. దుమ్ము, జిడ్డు, చెమట వాసన ఉండరాదని మరొకటి. మూడింటినీ తు.చ. తప్పకుండా పాటించేసరికి ఫ్యాక్టరీల్లో పని మిగల్లేదు. ఇక నాలుగో ఉత్తర్వు అవసరం లేదు, అయినా వచ్చింది: 'సందర్శకుల సౌకర్యార్థం ఉత్పత్తిని నిలిపివేయడమైనది.'

జనానికి మాత్రం పిచ్చి పట్టింది. హైవే పొడుగునా ఏడు ఫ్యాక్టరీలు కలిపి సప్త పరిశ్రమ దర్శన యాత్ర అన్నారు. ప్రతిచోటా పుస్తకంలో ఒక ముద్ర. కొత్తగా పెళ్ళైనవాళ్ళు వెళ్ళారు, షష్టిపూర్తి చేసుకున్నవాళ్ళు వెళ్ళారు. మా వీధిలో ఇన్సూరెన్సు ఏజెంటు దంపతులు రెండుసార్లు వెళ్ళొచ్చారు. అక్కడేం తయారుచేస్తారండీ అనడిగితే, ఏసీ చాలా బాగుంది అన్నారు.

గొడవ విని లోపల్నుంచి ఉప దర్శనాధికారి కోదండపాణి గారు వచ్చారు. మెడలో మూడు కార్డులు, చంకలో నిబంధనల పుస్తకం.

"అమ్మా, ఇది ఏడవ కేంద్రం. ముందు ఆరు ముద్రలు లేనిదే తమకు ప్రవేశం కల్పించలేము" అన్నారు.

"నేను మీ గ్రైండరు కొనుక్కున్నదాన్ని బాబూ. ఆరు ఊళ్ళు తిరిగి రావాలా?"

"కొనుగోలుదారుల విభాగం గతేడాదే ప్రక్షాళన చేయడమైనది. ప్రస్తుతం అది సెల్ఫీ ప్రాంగణం. పైగా ఆరూ చూడకుండా ఏడవది చూస్తే తమ అనుభవం అసంపూర్ణమవుతుంది. ఆ నష్టానికి మండలి బాధ్యత వహించదు."

కోదండపాణి గారు చెడ్డవాడు కాదు. అదే ఆయనతో వచ్చిన చిక్కు. చెడ్డవాడితో పోట్లాడొచ్చు, బతిమాలొచ్చు. ఈయన మన మేలు కోరి తలుపు వేస్తాడు. వ్యాను తిప్పుకుని మొదటి ఫ్యాక్టరీకి బయల్దేరాం.

మొదటిది చిలక బిస్కెట్లు. చిన్నప్పుడు ఆ బిస్కెట్టు మీద చిలక తోక కొరికి, తల చివరికి దాచుకునేవాణ్ణి. హాలు పొడుగునా బెల్టు తిరుగుతోంది, దాని మీద వరసగా బిస్కెట్లు వెళుతున్నాయి. అందరూ ఆహా అన్నారు. దగ్గరికెళ్ళి చూస్తే చెక్కవి, రంగేసినవి. నిజమైనవైతే చీమలు పడుతున్నాయట. గోడలో సన్నటి గొట్టం నుంచి ప్రతి పావుగంటకీ వెన్న వాసన కొడుతున్నారు. పొయ్యి చల్లగా ఉంది.

"మరి ఈ పొయ్యెందుకు బాబూ?" అంది అత్త.

"అది పొయ్యి కాదు మేడం, హెరిటేజ్ హీట్ జోన్" అన్నాడు గైడు. చివర్లో విస్తరాకు దొన్నెలో తలా సగం బిస్కెట్టు పెట్టాడు. ముందున్న పెద్దాయన దాన్ని కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నాడు. బిస్కెట్లు తీసిన అట్టపెట్టె మీది అక్షరాలు అత్త కూడబలుక్కుని చదివింది. అది వేరే రాష్ట్రంలో వేరే కంపెనీ చేసిన బిస్కెట్టు.

ముద్ర పడింది. రెండోది సబ్బుల ఫ్యాక్టరీ, అక్కడ చేతులు కడుక్కోవడానికి నీళ్ళు లేవు. అంతకంటే చెప్పుకోవాల్సింది ఏమీ లేదు.

మూడోది కుంభకర్ణ తాళాలు. అక్కడ ప్రపంచంలోకెల్లా పెద్ద తాళం అని ఒకటి ఉంది, దూడంత. సందర్శకుల్ని లోపలికి పంపి, తలుపుకి ఆ తాళం వేసి, తీసి చూపించడం వేడుక. వేశారు. తీసే మనిషి ఒక్కడే, పాత మెకానిక్కు. ఆయన్ని ఇప్పుడు కథకుడిగా మార్చారు, పక్క హాల్లో రెండో బృందానికి 'తాళంతో నా జీవితం' చెబుతున్నాడు. కథ మధ్యలో ఆపరాదని నిబంధన. మేం నలభైమందిమి రెండు గంటలు లోపలే ఉన్నాం. ఒకావిడకి ఊపిరాడక కళ్ళు తిరిగితే, అత్త కొంగుతో విసిరింది. కిటికీలోంచి అడిగితే గైడు, "ఇంకా ఆయన పెళ్ళి ఘట్టం రాలేదండి" అన్నాడు.

తర్వాత మరో రెండూ చూసి, ఆరోదైన గోవర్ధన గొడుగులకు చేరేసరికి అకాల వర్షం పట్టుకుంది. పైకప్పు కారుతోంది. నెత్తిమీద తీగలకి మూడు వేల గొడుగులు వేలాడుతున్నాయి, ప్రదర్శనాంశాలను తాకరాదు అని బోర్డుంది. వాటి కింద అందరం తడిసి ముద్దయ్యాం. ఒక్కరూ కిమ్మనలేదు. ఫొటోలు మాత్రం తీసుకున్నారు.

నాలుగో రోజు పొద్దున ఆరు ముద్రలతో మళ్ళీ చక్రవాకం గేటు ముందు నిలబడ్డాం. ఈసారి వందనం చేసి లోపలికి పంపారు. మేం మోసుకెళ్తున్న గ్రైండరు ఎందుకని సెక్యూరిటీ అతను అడగనైనా లేదు. పుస్తకంలో ముద్రలున్నాక నువ్వు ఏనుగుని తీసుకొచ్చినా ఎవరూ అడగరు.

లోపల ముంగిట్లో ముప్ఫై అడుగుల ఎత్తున గ్రైండరు బొమ్మ, పోతపోసింది. ఎండకి ధగధగలాడుతోంది.

"కంపెనీ విడిభాగాల నిల్వ మొత్తం కరిగించి నిర్మించాము" అన్నారు కోదండపాణి గారు.

"పళ్ళ చక్రాలు కూడానా?" అంది అత్త.

"పదకొండు వేల చక్రాలు, అమ్మా."

అత్త వెళ్ళి ఆ బొమ్మ మీద అరచెయ్యి ఆనించింది. భక్తి అనుకుని వెనకున్నవాళ్ళు కూడా ఆనించారు. పదకొండు వేల కొట్లకి సరిపడా చక్రాలు, గాలికైనా తిరగని బొమ్మైపోయాయి.

హాల్లో మిగిలిన ఒకే ఒక్క చక్రం అద్దాల పెట్టెలో, వెల్వెట్ గుడ్డ మీద ఉంది. ఇమ్మని అడిగితే కోదండపాణి గారు తన సొంత కిడ్నీ అడిగినట్టు చూశారు. అంతలో ఆయన దృష్టి మా గ్రైండరు మీద పడింది.

"ఇది నడుస్తోందా?"

"నడవట్లేదనే కదండీ వచ్చింది" అన్నాను.

"అద్భుతం! మా సేకరణలో ఉన్నవన్నీ ఎన్నడూ నడపనివే. వాడి చెడిపోయినది ఒక్కటీ లేదు." జేబులోంచి చీటీ తీసి గ్రైండరుకి కట్టేశారు. "నిబంధన పదిహేడు. కంపెనీ పేరు గల ఏ వస్తువైనా ఈ ప్రాంగణంలో ప్రవేశిస్తే అది సేకరణలో అంతర్భాగం. తమ త్యాగాన్ని శిలాఫలకం మీద చెక్కిస్తాము."

చక్రం కోసం వస్తే గ్రైండరే పోయింది. అత్త ఒక్కసారి నేల మీద కూలబడింది. పాతికేళ్ళలో ఆవిడ కొట్టు వేళల్లో కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. నాకు ఒళ్ళు మండిపోయి ఏదో అరిచాను, ఎవరూ వినలేదు. అప్పుడే పదకొండు గంటల గణగణ మోగింది, జనమంతా ఒక మూలకి పరిగెత్తారు.

అక్కడ తాడు కట్టిన గదిలో స్టూలు మీద ఒక అరవయ్యేళ్ళ మనిషి కూర్చుని ఉన్నాడు. ఖాకీ చొక్కా, కంపెనీ పేరున్న టోపీ. ముందు బోర్డు: 'సజీవ ప్రదర్శన. అంశం 14. ఫిట్టరు. తాకరాదు, తినుబండారములు పెట్టరాదు.' గంట మోగగానే ఆయన ఖాళీ చేతుల్ని ముందుకీ వెనక్కీ ఆడించడం మొదలుపెట్టాడు, ఏదో ఇనుము రుద్దుతున్నట్టు. చేతిలో ఏమీ లేదు. జనం చప్పట్లు కొట్టి వెళ్ళిపోయారు.

అత్త లేచి తాడు దగ్గరికెళ్ళింది. "అన్నా, మీరు ఆడించేదేటి?"

"ఆకురాయమ్మా. ఇనుము అరగదీసేది. నాది అద్దాల పెట్టెలో ఎట్టేశారు. పదకొండుకీ ఒంటిగంటకీ మూడుకీ ఇలా ఉత్తి చేతులాడించాలి." ఆయన పేరు నూకరాజు మేస్త్రి. ముప్ఫై రెండేళ్ళు ఈ చక్రాలే కోశాడు. అత్త గ్రైండరు వైపు మెడ చాచి చూశాడు. "ఎన్ని పళ్ళు పోయాయి?"

"మూడు."

"మూడుకి కొత్త చక్రం ఎందుకమ్మా! పళ్ళు పోయినచోట బెజ్జాలేసి, మరలు బిగించి, వాటినే పళ్ళలాగా అరగదీత్తే మీ కొట్టున్నంత కాలం తిరుగుద్ది. పూట పని. మా ఇంట్లో ఇంకో ఆకురాయుంది." అంతలోనే గొంతు తగ్గించాడు. "రెండేళ్ళయింది పని చేసి. చేతులు పని మర్చిపోతాయేమోనని బయమేత్తంది."

కోదండపాణి గారు పరుగున వచ్చారు. "ప్రదర్శనాంశంతో సంభాషించరాదు!"

అత్త ఆయన్ని చూడలేదు. నడుం దగ్గర దోపుకునే అట్లకాడ ఆవిడకి ఎప్పుడూ ఉంటుంది, యాత్రలో కూడా ఉంది. తిన్నగా గ్రైండరు దగ్గరికెళ్ళి, దాని పొట్టమీద చక్రవాకం అని ఉన్న రేకుముక్క కింద అట్లకాడ దూర్చి ఒక్క ఎత్తు ఎత్తింది. రేకు ఊడి టంగుమని నేలమీద పడింది. దాన్ని తీసి కోదండపాణి గారి చేతిలో పెట్టింది.

"ఇదిగో బాబూ మీ పేరు, మీరుంచుకోండి. పేరు లేనిది నాది."

ఆయన గబగబా నిబంధనల పుస్తకం తిరగేశారు. పదిహేడు చదివారు. పద్దెనిమిది చదివారు. పేరు గల వస్తువు గురించే ఉంది, పేరు లేనిదాని గురించి ఎవరూ రాయలేదు. నూకరాజు మేస్త్రి ఇదంతా కన్నార్పకుండా చూశాడు. మెల్లగా నెత్తిమీది టోపీ తీశాడు, దాన్ని మడతపెట్టి స్టూలు మీద ఉంచాడు. తాడు కిందినుంచి వంగి బయటికొచ్చి, గ్రైండరు ఒకవైపు పట్టుకున్నాడు. రెండోవైపు నేను పట్టుకున్నాను. కోదండపాణి గారు ఇంకా పుస్తకంలోంచి తలెత్తలేదు. గేటు దగ్గర సెక్యూరిటీ అతను పేర్లేవీ కనబడక వందనం చేసి గేటు తీశాడు.

మర్నాడు మధ్యాహ్నానికి గ్రైండరు తిరిగింది. మొదటి వాయి పిండి వేలితో తీసి చూసి అత్త లోపలికెళ్ళి మొహం కడుక్కొచ్చింది. ఆ మర్నాడు పొద్దున్నే పెనం మీద జీలకర్ర, అల్లం వాసన లేవగానే గేటు దగ్గర మొదటి లారీ ఆగింది. ఆ తర్వాత అట్లతో పాటు మేస్త్రి పేరు కూడా పాకింది. చక్రవాకాలు మూలపడేసినవాళ్ళంతా చంకనెత్తుకుని వచ్చారు. కొట్టు వెనక రేకుల కింద ఆయన పొద్దస్తమానం ఇనుము అరగదీస్తూనే ఉండేవాడు. చేతులు ఇప్పుడు ఖాళీగా లేవు.

కొట్టు మళ్ళీ తెరిచిన ఆరో రోజు ఉదయం ఎనిమిదిన్నరకి మండలి జీపు వచ్చి ఆగింది. కోదండపాణి గారు దిగారు. తప్పిపోయిన ప్రదర్శనాంశం కోసం ముందు రోజునుంచీ కేంద్రాలన్నీ గాలించి, చివరికి మేస్త్రి పేరు విని ఇటొచ్చారట. ఆ కేంద్రాల్లో తినడానికి సగం బిస్కెట్టు తప్ప ఏమీ దొరకదు. మొహం వాడిపోయి ఉంది.

శత్రువైనా ఆకలి మొహంతో ఉంటే అత్త చూడలేదు. "ముందు కూకోండి బాబూ, ఆనక మాటాడుదురు" అని ప్లేటు పెట్టింది. ఆయన కూర్చున్నారు. ఒకటి తిన్నారు. రెండోది అల్లం పచ్చడితో తిన్నారు. మూడోది తింటూ చుట్టూ చూశారు. అరవై డెబ్భైమంది ప్లేట్లు పట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఇంతమంది సందర్శకులా!" అన్నారు, కళ్ళు మెరుస్తూ.

"సందర్శకులు కాదండి, తినడానికొచ్చారు" అన్నాను.

ఆయన వినిపించుకోలేదు. సంచిలోంచి అచ్చు వేసిన ఉత్తర్వు కాగితం తీసి ఖాళీలు నింపారు. "ఎనిమిదవ దర్శన కేంద్రం. అమ్మా, తమ జన్మ ధన్యం. తమరు సజీవ ప్రదర్శన, అంశం 15. పొగ, చప్పుడు, ఘాటు, జిడ్డు ఉండరాదు. ఇంకొకటి వేయండి, కరకరలాడేలా." అని, అత్త పిండి పోస్తుండగా లేచి, వెంట తెచ్చిన జిగురుతో ఆ కాగితాన్ని గోడకి అంటించారు.

అన్ని ఊళ్ళు తిరిగి, మేస్త్రిని తెచ్చుకుని, మళ్ళీ నిలబెట్టుకున్న కొట్టు ఒక్క కాగితంతో పోయింది. అత్త గరిట పక్కన పెట్టి, గోడ దగ్గరికెళ్ళి, ఉత్తర్వు అక్షరం అక్షరం చదివింది. వెనక్కొచ్చి పొయ్యి ఆపేసింది. పెనం మీద నాలుగో అట్టు సగం పచ్చిగా ఆగిపోయింది.

"అదేమిటమ్మా?" అన్నారు కోదండపాణి గారు.

"అంటించిన చణం నుంచీ అమలు అని రాశారు కదా బాబూ."

"అంటే... ఇదొక్కటీ వేసి..."

"ఇదొక్కటీ ఏత్తే ఉత్పత్తి అయిపోద్ది. మీకు మాటొత్తది."

ఆయన అట్టు వైపు చూశారు. తర్వాత వెనక్కి తిరిగి చూశారు. డెబ్భైమంది ఖాళీ ప్లేట్లతో ఆయన్నే చూస్తున్నారు. లారీ డ్రైవరొకడు ప్లేటు మీద స్పూనుతో ఒకసారి కొట్టాడు. వెనక రేకుల కింద ఆకురాయి చప్పుడు ఆగకుండా వినబడుతోంది.

కోదండపాణి గారు గోడ దగ్గరికి నడిచారు. జిగురు ఇంకా ఆరలేదు. గోరుతో ఒక మూల లేపి, చిరగకుండా కాగితం ఊడదీశారు. బల్లమీద తిరగేసి పెట్టి, కలం తీసి, చాలాసేపు ఆలోచించి ఇలా రాశారు: 'స్థలము స్వయముగా తనిఖీ చేయడమైనది. ఇచ్చట పని జరుగుచున్నందున దర్శనమునకు అనర్హము. తప్పిపోయిన అంశం 14 పనిలో ఉన్నందున గుర్తుపట్టలేకపోవడమైనది.' కింద సంతకం, తేదీ, మూడు ముద్రలు.

అత్త ఆ కాగితం అందుకుని, రాసినవైపు అందరికీ కనబడేలా, అదే గోడకి అదే జిగురుతో అంటించింది. పొయ్యి వెలిగించింది.

"ఉల్లిపాయెయ్యమన్నారా బాబూ, ఒద్దా?" అంది.